మేఘాధిపతి గారి కొలువు

వెనకటికి పైడికొండ అని ఒక రాజ్యం ఉండేదట. చిన్నదే, కానీ అక్కడి పసుపు లేనిదే చుట్టుపక్కల దేశాల్లో ఒక్క పెళ్ళీ జరిగేది కాదు. దాన్ని వీరభుజంగ భూపతి ఏలేవాడు. మనసు వెన్న. తన మాట మీద మాత్రం వల్లమాలిన గొప్ప. ఏలినవారు నిద్ర లేచాకే సూర్యుడు పొడుస్తున్నాడని ఎవరైనా అంటే, ఔనౌనని తల ఊపేవాడే తప్ప కాదనేవాడు కాదు.

ఆ ఏడు ఉగాది నాడు కొలువులో అందరికీ పచ్చడి పంచారు. ఆస్థాన సిద్ధాంతి మాధవభట్టు గారు దేవుడికి దణ్ణం పెట్టుకుని, పంచాంగం విప్పి, ఏడాది ఫలాలు చదవడం మొదలుపెట్టారు.

"ఈ సంవత్సరానికి రాజు గురుడు. మంత్రి బుధుడు. మేఘాధిపతి శుక్రుడు..."

భూపతి పచ్చడి దొన్నె పక్కన పెట్టాడు. "ఏమంటాడు ఆ మేఘాధిపతి?"

"చైత్రంలోనే వాన ఉందంటాడు ప్రభూ. నాలుగైదు రోజులు ఎండ మాడుస్తుంది, ఉక్కపోస్తుంది. ఆ పైన తూర్పు నుంచి ఈదురుగాలి లేస్తుంది. కొండవాలులో పెద్ద వాన, పల్లంలో జల్లులు. తరవాత చల్లబడి, పున్నమికి మళ్ళీ ఎండ కాస్తుంది."

భూపతి ముఖం ఎర్రబడింది. పున్నమికి వసంతోత్సవం. దానికోసం కోట బయట తలుపులు, తాళాలతో పెద్ద కొత్త మంటపం కట్టించాడు. ఇరుగుపొరుగు రాజులకు కబుర్లు వెళ్ళాయి. వీధుల నిండా పందిళ్ళు, తోరణాలు లేస్తున్నాయి.

"నన్నడక్కుండా నా రాజ్యంలో వానా? ఎవరా శుక్రుడు? ఈ క్షణం నుంచి మేఘాధిపతిని నేనే. ఉత్సవం అయ్యేదాకా చుక్క పడదు. సిద్ధాంతి గారూ, ఆ ముక్క దిద్ది చదవండి."

"చదవగలను గానీ దిద్దలేను ప్రభూ," అన్నారు సిద్ధాంతి నెమ్మదిగా.

అంతే, పండగ పూట ఆ పెద్దాయన్ను చెరసాలకు తీసుకుపోయారు. దానితో ఊరుకున్నా బావుండేది. "కళ్ళాల మీద పసుపు ఎవరు ఎత్తినా, ఎవరు కప్పినా నా మాటను శంకించినట్టే!" అని భూపతి ఊరూరా చాటింపు కూడా వేయించాడు.

ఆ చాటింపు వినగానే వల్లభయ్య తల పట్టుకున్నాడు. వల్లభయ్య కొలువులో విన్నపాలవాడు. గోడు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళను వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ రాజుగారి ముందుకు పిలవడం ఆయన పని. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్ళాల మీద ఆరబోసేది చైత్రంలోనే. ఎండుతున్న పసుపు మీద ఒక్క వాన పడిందా, కొమ్ము నల్లబడి బూజు పడుతుంది. ఇక దాన్ని గడపకు రాయడానికి కూడా ఎవరూ కొనరు. రాజ్యం మొత్తానికి ఏడాది తిండి ఆ కళ్ళాల మీదే ఉంది.

ఆ సాయంత్రమే కొండవాలు నుంచి వాళ్ళ అక్క సీతాలమ్మ వచ్చింది. అరుగు మీద కూర్చుంటూనే అందుకుంది.

"ఒరే వల్లభా, కొలువులో అంతమంది ఉన్నారు గదా, ఒక్కరి నోట్లోనూ నాలుక లేదుట్రా?"

"ఉంటే ఏం లాభమక్కా? సిద్ధాంతి గారి నోట్లో ఉంది. ఆయన ఎక్కడున్నారో చూశావుగా."

"మా పసుపంతా ఆకాశం కింద ఉంది. కప్పబోతే తలారి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. రాజుగారు కొత్తగా మేఘాలకు అధికారి అయ్యారట గదా, ఆ అధికారి దగ్గరే మొరపెట్టుకోనా?"

వల్లభయ్య ఒక్క క్షణం అక్క మొహంలోకి చూసి, చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"మా తల్లే! ఆ మాట దేవుడే అనిపించాడు నీ చేత!"

మర్నాడు పొద్దున్నే ఆయన రాజుగారి ముందు నిలబడ్డాడు.

"ప్రభూ, కొత్త పదవి చేపట్టారు. మరి మొదటి కొలువు ఎప్పుడు?"

పైడికొండలో ఒక కట్టుబాటు ఉండేది. భూపతి తాతగారు పెట్టింది. ఎవరు ఏ పదవిలోకి వచ్చినా మొదటి రోజు విన్నపాలు తమ చెవులతో తామే వినాలి. వచ్చిన ప్రతి మనిషికీ జవాబు చెప్పి, తాంబూలం చేతిలో పెట్టి పంపాలి. ఆఖరి మనిషి వెళ్ళేదాకా పీట దిగకూడదు. ఈ కట్టుబాటు గురించి చెప్పుకోవడమంటే భూపతికి మహా సరదా.

"నిజమే సుమా! ఎల్లుండే పెట్టించు. ఎండ, వాన, గాలి... ఎవరికేం కావాలో వచ్చి అడగమను!"

ఆ ఎల్లుండి పొద్దుటికే కోట ముందు వీధి చివరిదాకా వరస. గాలి ఆడడం లేదు, చెమట ధారలు కడుతోంది. భూపతి పట్టుబట్టలు కట్టుకుని, పీట మీద ఠీవిగా కూర్చున్నాడు.

వల్లభయ్య మొదట చాకలి పోలయ్యను పిలిచాడు.

"అయ్యా, ఉత్సవం బట్టలు గుట్టలు పడున్నాయి. ఎండ దంచికొట్టాల!"

"ఇచ్చాం!" అన్నాడు భూపతి. తాంబూలం ఇచ్చాడు. మేఘాధిపత్యం ఇంత తేలికా అని మీసం దువ్వుకున్నాడు.

రెండోవాడు తమలపాకు తోట నాగన్న. "దొరా, ఈ ఎండకు తీగలు వాడిపోతున్నాయి. ఉత్సవానికి ఆకు అందాలంటే చల్లటి మబ్బు పట్టాల."

"మీ తోట ఎక్కడ?"

"పోలయ్య బట్టలారేసే గట్టు మీదే దొరా."

భూపతి మీసం వదిలి బుర్ర గోక్కున్నాడు. "గట్టుకు ఇటు ఎండ, అటు మబ్బు."

"చిత్తం," అన్నాడు వల్లభయ్య. "గట్టు మీద నడిచేవాళ్ళకు ఏది ప్రభూ?"

"వాళ్ళు తొందరగా నడవాలి!"

తరవాత మినుములు తూర్పారబట్టే మంగమ్మ వచ్చింది. చేట చంకలోనే ఉంది. "గాలి లేక పొట్టు నా మొహాన్నే పడుతోంది బాబూ. కాస్త గాలిప్పించండి." ఆమె మాట పూర్తికాకముందే వెనక నుంచి మామిడితోట ఈరన్న అరిచాడు. "అమ్మో! గాలొద్దు సామీ! పిందెలు రాలిపోతాయి. ఈవిడ తూర్పారబట్టేది నా చెట్ల కిందే!"

"నీ చెట్లు కొంచెం పక్కకు జరుపుకోరాదూ?" అంది మంగమ్మ.

"నీ చేట జరుపుకోవే!"

"ఆపండి!" అన్నాడు భూపతి. "గాలి చెట్ల కింద నుంచే పోవాలి. కొమ్మలను తాకరాదు."

"చిత్తం. ఎంత ఎత్తు వరకు రావచ్చునో సెలవిస్తే, గాలికి ఆ మాట చెప్పిస్తాను," అన్నాడు వల్లభయ్య ఎంతో భక్తిగా.

భూపతి ఆయన వైపు అనుమానంగా చూశాడు. వల్లభయ్య ముఖంలో ఏమీ లేదు, చెమట తప్ప.

వరస కదులుతోందే కానీ తరగడం లేదు. కుండలు ఆరాలని ఒకడు, నువ్వుచేను తడవాలని ఒకడు, చంటిబిడ్డకు ఉక్కపోస్తోందని ఒక తల్లి. భూపతి పట్టుబట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. అంతలో గుంపు పక్కకు తప్పుకుంది. సాక్షాత్తూ రాజమాత, చేతిలో తులసిమాల తిప్పుకుంటూ వరసలో నిలబడి ఉంది!

"అమ్మా! నువ్వెందుకు వచ్చావు?"

"అందరూ వస్తుంటే నేనూ వచ్చాను నాయనా. మేడ మీద అప్పడాలు ఎండేశాను, ఎండ ఉండాలి. పెరట్లో తులసికి మాత్రం కాస్త జల్లు పడాలి. నువ్వు పుట్టిన నాడు కూడా చైత్రంలో వాన కురిసింది. మీ నాన్నగారు పసిగుడ్డువైన నిన్ను ఎత్తుకుని, చూరు కింద నిలబడి ఎంత మురిసిపోయారో. పాపం, ఆ వాన ఆయన్ను అడిగి రాలేదు."

తల్లి చేతిలో భూపతి తాంబూలం పెట్టి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు.

వల్లభయ్య గుమ్మంలోంచి బయటికి చూశాడు. తూర్పున కొండ వెనక ఆకాశం కాటుక పూసినట్టుంది. ఎక్కడిదో ఒక ఎండుటాకు వచ్చి కోట మెట్ల మీద గిర్రున తిరిగింది. 'స్వామీ, ఇంకొక్క ఘడియ ఆపు' అనుకున్నాడు లోపల.

"వల్లభయ్యా," భూపతి గొంతు తగ్గింది. "ఈ పదవి ఇదివరకు చూసిన ఆ శుక్రుడి దగ్గరికి కూడా ఇంతమంది వచ్చేవారా?"

"లేదు ప్రభూ. ఆయన ఎవరి మాటా వినడు, ఎవరికీ జవాబు చెప్పడు. తన పని తాను చేసుకుపోతాడు. ఏం చేయబోతాడో ఆయన తరఫున ముందుగా చెప్పే పెద్దమనిషి ఒకరుండేవారు. జనం ఆ మాట విని ఎవరి జాగ్రత్తలో వాళ్ళుండేవారు. ఆయన ఇప్పుడు తమ చెరసాలలో ఉన్నారు."

"పదవి ఆ శుక్రుడికే తిరిగి అప్పగించేస్తే?"

"ఆయన కాదనడు ప్రభూ. కానీ పీట దిగాలంటే ఆఖరి విన్నపం తీర్చాలి గదా."

"ఇంకా వీధి చివరిదాకా ఉన్నారే!"

వల్లభయ్య వీధి వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "కొండవాలు సీతాలమ్మ విన్నపమే మన అందరి విన్నపం. ఔనా?"

"ఔనౌను!" అంది వీధి మొత్తం ఒక్క గొంతుతో. సీతాలమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని ముందుకు వచ్చింది.

"నీకేం కావాలమ్మా? ఎండా, వానా?" అన్నాడు భూపతి నీరసంగా.

"రెండూ వద్దు మహారాజా. కొత్త మంటపం తాళంచెవి కావాలి."

భూపతి పీట మీద ముందుకు వంగాడు.

"వాన ఎవరి మాట వింటుందో నాకు తెలీదు. తాళంచెవి మాత్రం ఏలినవారి మాటే వింటుంది. పసుపు ఎత్తుకోవచ్చని ఒక్క మాట అని, ఆ తలుపులు తెరిపిస్తే, ఏడాదంతా మీ పేరు చెప్పుకుని అన్నం తింటాం."

భూపతి ఆమెను చూశాడు. తూర్పు ఆకాశాన్ని చూశాడు. తనకు తానే తగిలించుకున్న పదవి తలుచుకున్నాడు కాబోలు, పెదవి చివర మొదలైన నవ్వు పొట్ట దాకా పాకింది. పీట మీద ఊగిపోయేలా నవ్వాడు.

"తాళం తీయండి! గజశాల, గుర్రపుశాల కూడా తెరవండి! కోట బళ్ళన్నీ కళ్ళాలకు తోలండి! ముందు ఆ సిద్ధాంతి గారిని సగౌరవంగా తీసుకురండి!"

ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. కొండవాలు పసుపు మంటపంలోకి చేరింది, పల్లం పసుపు తాటాకుల కింద దాగింది. ఆఖరి బండి గుమ్మం దాటిందో లేదో, ఫెళ్ళుమని ఉరిమి వాన దిగింది. భూపతి కోట చూరు కింద, తల్లి పక్కన నిలబడి అరచేయి చాచాడు.

"ఎంత చల్లగా ఉందమ్మా!" అన్నాడు.

తరవాత సిద్ధాంతి గారికి స్వయంగా శాలువా కప్పి, క్షమించమన్నాడు. "మరి రేపో సిద్ధాంతి గారూ?" అని అడిగాడు, బడిపిల్లాడిలా.

"రేపు చలువ ప్రభూ. పున్నమికి చక్కటి ఎండ."

అప్పుడు వల్లభయ్యను దగ్గరకు పిలిచాడు. "ఎండ వెనకే మబ్బు, గాలి వెనకే వద్దనేవాడు, ఆ వెనక మా అమ్మ, చివరికి మీ అక్క. ఇదంతా నువ్వు పేర్చిందే కదూ?"

"నేను విన్నపాలవాణ్ణి ప్రభూ. వరస పెట్టడమే గదా నా ఉద్యోగం," అన్నాడు వల్లభయ్య చేతులు కట్టుకుని.

భూపతి పకపకా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి ఆయన మెడలో వేశాడు.

పున్నమి నాటికి ఎండ కాసింది. పసుపు మళ్ళీ కళ్ళాలకు చేరింది. మంటపం ఎంత కడిగినా నేల పసుపు మాత్రం వదల్లేదు. ఉత్సవానికి వచ్చిన రాజులందరి పాదాలు పెళ్ళికొడుకుల పాదాల్లా పచ్చబడ్డాయి. ఇదేమి మర్యాద అని వాళ్ళడిగితే, "మా వానగారు చేసిన ఏర్పాటు," అన్నాడట భూపతి, ఎంతో వినయంగా.