నూకాలు ముద్ద

అనగనగా అన్నాక అందరూ ఊఁ అనాలి. అనకపోతే నేను చెప్పను, లేచి పోతాను. అన్నారా? సరే, వినండి.

అనగనగా సముద్రానికీ కొండకీ నడుమ ఒక ఊరు. ఏ ఊరని అడక్కండి. ఎప్పుడని అసలే అడక్కండి. మీ తాతకి తాత కూడా అప్పటికి పుట్టలేదు. ఆ ఊళ్ళో నూకాలు అని ఒక మనిషి ఉండేది. తుంగ కోసుకొచ్చి, ఎండబెట్టి, చాపలు అల్లేది. మొగుడు పైడయ్య ఆ చాపలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. పెళ్ళయిన చాలాకాలానికి వాళ్ళకి ఒక కొడుకు పుట్టాడు. సోములు అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఊరివాళ్ళకి ఒక బలహీనత ఉండేది. చంటిపిల్లలున్న ఇల్లు కనబడితే చాలు, నోరూరేది. పిల్లాడు బోర్లా పడితే ఆ ఇంటివాళ్ళు బొబ్బట్లు పంచాలి. కూర్చుంటే కుడుములు పంచాలి. అడుగులేస్తే అరిసెలు పంచాలి. ఇది మన దగ్గర అందరూ చేసేదే, తప్పేం లేదు. కానీ పంచేవాళ్ళు సంతోషం పట్టలేక పంచాలి గాని, వాకిట్లో నిలబడి అడిగి పెట్టించుకుంటారా ఎవరైనా? ఆ ఊళ్ళో పెట్టించుకునేవాళ్ళు. అందరికంటే ముందు అడిగేది పక్కింటి గైరమ్మ. మనసు చెడ్డది కాదు ఆవిడది. నోరే ఊరుకోదు.

సోముల్ని చాప మీద వేసి ఆడించుకునే వేళకి వాడికి కోరింత దగ్గు పట్టుకుంది. మీలో ఎవరూ చూసుండరు, చూడకూడదు కూడా. దగ్గు మొదలైతే ఆగేది కాదు. దగ్గి దగ్గి బిడ్డ మొహం ఎర్రబడేది, ఆ తర్వాత నల్లబడేది. ఊపిరి లోపలికి లాగేటప్పుడు కూత పెట్టినట్టు చప్పుడయ్యేది. తాగిన పాలన్నీ కక్కేసేవాడు. పడుకోబెడితే దగ్గు. ఒళ్ళో పెట్టుకుంటే దగ్గు. భుజాన వేసుకుని నిలబడితేనే కాస్త సర్దుకునేది. అందుకని నూకాలు నిలబడే ఉండేది. నిలబడే గంజి తాగేది, నిలబడే ఇల్లు చక్కబెట్టుకునేది, గోడకి ఆనుకుని నిలబడే కునికేది. చాపలు అల్లే మనిషికి చాప మీద కూర్చునే యోగం లేకుండా పోయింది.

పక్క ఊళ్ళో వైద్యం చేసే ఆచారి వచ్చి చూశాడు. ఏదో కషాయం నాకించాడు.

"ఇది పోయేదాకా పోదు. కక్కిన ప్రతిసారీ మళ్ళీ పాలు పట్టు. ఎలాగూ కక్కుతాడు కదా అని మానేశావో, బిడ్డ దక్కడు" అని చెప్పి వెళ్ళాడు. మంచి మాటే చెప్పాడు. ఒక్క మనిషికి ఎలా సాధ్యమో మాత్రం చెప్పలేదు.

నూకాలు పాలు పట్టేది. బిడ్డ కక్కేవాడు. తుడిచి, మళ్ళీ పట్టేది. మళ్ళీ కక్కేవాడు. తుడిచి, మళ్ళీ పట్టేది. పొద్దు పొడవడం, పొద్దు గూకడం ఆ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఇంకొక్క గుక్క నిలిస్తే చాలు, ఇంకొక్క రోజు బతుకుతాడు. ఆమెకి అదొక్కటే ధ్యాస.

అలాంటప్పుడు మొదటిసారి వచ్చింది గైరమ్మ.

"ఏటే నూకాలూ, గుంటడు ఇంకా బోర్లా పడ్నేదా? మా మనవడు ఈ పాటికి పడీసి, పాకీసి, గడప కాడికొచ్చీసేడు."

"బోర్లా పడాలంటే ముందు పడుకోవాల కదత్తా. పడుకుంటే ఈడికి ఊపిరాడదు. నా భుజం మీంచి ఎలగ పడతాడు?"

"అలగంటే ఎలగే? ఊరంతా ఎదురు సూస్తంది."

"సూడనీ. నువ్వు పో!" అంది నూకాలు.

గైరమ్మ పోయింది. పోయి ఊరంతా చెప్పింది. ఊరంతా వచ్చి అడిగింది. ఉత్తినే అడిగి పోతే బాగుండును, సలహాలు కూడా ఇచ్చింది. ఒకరు దిష్టి అన్నారు. ఒకరు పాలు పల్చబడ్డాయన్నారు. ఒకరు తుంగ దుమ్మే దగ్గు తెచ్చింది, ఆ చాపలు మానెయ్ అన్నారు. చాపలు మానేస్తే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో వాళ్ళు చెప్పలేదు. బిడ్డని కాసేపు ఇలా ఇయ్యి, నువ్వు నడుం వాల్చు అన్నవాళ్ళు ఒక్కరు లేరు. అందరికీ నూకాలు ఒకటే మాట చెప్పింది.

"పో!"

రెండోసారి వచ్చింది గైరమ్మ. ఆవేళ బిడ్డకి కాస్త తెరిపిగా ఉంది.

"నీదే తప్పు. నువ్వు కింద పెట్టందే ఆడెలగ పడతాడే? సంకలో పెట్టుకుని గుంటణ్ణి అవిటోణ్ణి సేసెత్తన్నావు" అంది.

నూకాలుకి ఒళ్ళు మండింది. నిద్రలేని మనిషికి కోపం వస్తే ఇంకేం కనబడదు. సర్రున చాప పరిచింది, బిడ్డని పడుకోబెట్టింది, తన చేత్తోనే బోర్లా తిప్పింది.

"ఇదిగో పడ్డాడు! సంబరమేనా?" అంది.

బిడ్డ గొంతులో కళ్ళె అడ్డం పడింది. దగ్గు లేదు, కూత లేదు, ఏడుపు లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. నూకాలు వాణ్ణి లాక్కుని, తల కిందికి వంచి, నోట్లో వేలు పెట్టి కళ్ళె తీసింది. వీపు మీద తట్టింది. ఇంకా తట్టింది. ఇంకా తట్టింది. అప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపు వినేదాకా ఆమె కూడా ఊపిరి తీసుకోలేదు. నా కోపంతో నా బిడ్డని నేనే పొట్టన పెట్టుకునేదాన్ని కదా అని, తన చెంపలు తనే వాయించుకుంది.

గైరమ్మ తర్వాత ఏమందో తెలుసా?

"ఎలగైతేనేటి, పడ్డాడు కదే. మరి బొబ్బట్లో?"

చెప్తుంటే నాకే చెయ్యి దురద పెడుతోంది. నూకాలు ఎలా ఊరుకుందో మరి! "పో!" అని తలుపు మూసేసింది.

మూడోసారి గైరమ్మ ఒక్కతే రాలేదు. నలుగురైదుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. సరిగ్గా అదే వేళకి పైడయ్య చాపలమ్ముకుని ఇంటికొచ్చాడు. రాగానే కాళ్ళు కడుక్కుని, బిడ్డని తన భుజానికి తీసుకున్నాడు. బరువు దిగీ దిగగానే నూకాలు గడప ముందు బోర్లా పడిపోయింది. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచింది. చుట్టూ మూగిన మొహాలన్నీ చూసింది.

"ఏటలగ సూస్తన్నారు? ఈ ఇంట్లో ఎప్పుడు బోర్లా పడతారని రోజూ అడుగుతన్నారు కదా. ఇదిగో, నేను పడ్డాను. తెండి బొబ్బట్లు! నాకు ఆకలేస్తంది" అంది.

అందరూ పకపకా నవ్వారు. ఎంత కష్టంలోనూ భలే మాటంటుందే అనుకున్నారు. ఆమె నవ్వించడానికి అనలేదు. నిజంగానే ఆకలి. వాళ్ళు నవ్వుకుంటూ ఇళ్ళకి పోయి, ఎవరి అన్నం వాళ్ళు తిన్నారు. పైడయ్య గంజి కాచి చేతికిచ్చేలోగా బిడ్డ మళ్ళీ దగ్గాడు. ఆమె లేచింది. గంజి చల్లారిపోయింది.

ఆచారి అన్నట్టే ఆ దగ్గు పోయేదాకా పోలేదు. వానలు పోయాయి. చలి వచ్చింది. చలి కూడా పోయింది. ఒకరోజు పొద్దెక్కాక నూకాలు తుంగ చీలుస్తూ చీలుస్తూ ఆగింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. దగ్గు లేదు, ఏడుపు లేదు. పరుగున వెళ్ళి చూస్తే, బిడ్డ చాప మీద నిద్రపోతున్నాడు. బోర్లా పడుకుని! ఎప్పుడు పడ్డాడో ఎవరూ చూడలేదు. నూకాలు ఎవర్నీ పిలవలేదు. పక్కనే చతికిలబడి, వాడి వీపు లేవడం, దిగడం చూస్తూ చాలాసేపు ఏడ్చింది. బిడ్డ దక్కాడు. ఆమెకి అంత సంతోషం ముందూ లేదు, తర్వాతా లేదు.

చీమకి చెప్పినా చెప్పకపోయినా గైరమ్మకి తెలిసిపోతుంది కదా. వచ్చేసింది. ఆవిడ వాకిట్లో కాలు పెట్టగానే సోములు నిద్రలేచి, తలెత్తి చూసి, పుట్టాక మొదటిమాట అన్నాడు.

"పో!"

మరి ఆ ఇంట్లో వాడు అందరికంటే ఎక్కువసార్లు విన్నమాట అదే. పైడయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. గైరమ్మ మాత్రం, "నన్నే పిలిసేడర్రా, అందరికన్నా ముందు నన్నే పలకరించేడు" అని ఊరంతా చాటింది. ఇలాంటి మనిషితో ఎవరు వేగగలరు?

సోములు అందరు పిల్లలకంటే ఆలస్యంగా కూర్చున్నాడు, ఆలస్యంగా నిలబడ్డాడు, బాగా ఆలస్యంగా నడిచాడు. అయితేనేం, అన్నీ చేశాడు. నూకాలు బొబ్బట్లు చేసింది, కుడుములు చేసింది, అరిసెలు చేసింది. అన్నీ తనే రుబ్బి, తనే వండి, తనే ఇంటింటికీ పంచింది. ఊరంతా తిన్నది. నువ్వు తిన్నావా అని ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అలవాటు పడిపోయింది. పొయ్యి దగ్గర నిలబడే రెండు మెతుకులు నోట్లో వేసుకుని తుంగ కోతకి పోయేది.

సోములు పెద్దవాడయ్యాడు. వాడికి పెళ్ళయింది. పైడయ్య పోయాడు. కొన్నాళ్ళకి నూకాలూ పోయింది. చాపలల్లుకునే మనిషి కదా, ఊరు పెద్దగా ఏడవలేదు. దినానికి మాత్రం అందరూ వచ్చారు. భోజనాలు కదా మరి!

దినం రోజున పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి, ముందు కాకికి పెడతారు. కాకి ముడితే పోయిన మనిషి తృప్తిపడ్డట్టు. అది ముట్టేదాకా ఎవరూ తినకూడదు.

"మీ అమ్మకి ఏటి ఇష్టంరా?" అని సోముల్ని అడిగారు.

సోములుకి తెలీదు. పెళ్ళాం వంక చూశాడు. తెలీదు. గైరమ్మని అడిగారు. ఆవిడ ఇంకా ఉంది, అలాంటివాళ్ళు ఓ పట్టాన పోరు. ఊళ్ళో ఎవరింట్లో ఎవరికేం ఇష్టమో అన్నీ తెలిసిన గైరమ్మకి కూడా తెలీదు. నూకాలు కూర్చుని తినగా చూసినవాళ్ళు ఊరి మొత్తంలో ఒక్కరు లేరు. సోములు తల గోడకేసి కొట్టుకుని ఏడ్చాడు.

ఏం చేస్తారు? తోచినవి వండారు. బొబ్బట్లు పెట్టారు. గోడ మీది కాకి మొహం తిప్పుకుంది. కుడుములు పెట్టారు. మొహం తిప్పుకుంది. అరిసెలు పెట్టారు. మొహం తిప్పుకుంది. నీ కొడుకుని మేం చూసుకుంటాం తల్లీ అని దండాలు పెట్టారు. అది కదల్లేదు. పొద్దు వాలుతోంది. కడుపులు మాడుతున్నాయి. పోయినా మనల్ని సాధిస్తూనే ఉందని కొందరు గొణిగారు కూడా.

అంతలో బంగారి అనే పిల్ల అటుగా నీళ్ళకి పోతోంది. ఆ ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. చంకలో బిందె, భుజాన చంటిది. చంటిదానికి ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలిపోతున్నాయి. అలవాటుపడ్డ నోళ్ళు ఆకలేసినా ఊరుకోవు. ఒకావిడ అడగనే అడిగింది.

"ఏటే బంగారీ, నీ గుంట ఇంకా కూకోలేదా? కుడుములెప్పుడే?"

అప్పుడు అరిచింది చూడండి కాకి! ఊరు దద్దరిల్లేలా అరిచింది. ఎగిరొచ్చి, అడిగినావిడ నెత్తిన ఒక్క పోటు పొడిచి, తిరిగి గోడెక్కి కూర్చుంది.

జనం బిత్తరపోయారు. గైరమ్మ మాత్రం కళ్ళు చికిలించి కాకి వంక చూసింది. ఆ కోపం ఆవిడకి కొత్త కాదు, గడప ముందు పడి ఆకలేస్తందన్న నూకాలు గుర్తొచ్చింది. మెల్లగా లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ బంగారి దగ్గరికి నడిచింది. బిడ్డ ఏం చేసిందని అడగలేదు. బిడ్డని తన భుజాన వేసుకుని, "అమ్మా, నువ్వు తిన్నావా?" అంది.

బంగారి బిందె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గైరమ్మ ఆ పిల్లని చాప మీద కూర్చోబెట్టింది. విస్తరి వేయించింది. వేడన్నంలో పప్పు కలిపించింది. ఊరంతా ఆకలితో నిలబడి చూస్తుండగా, బంగారి కూర్చుని మొదటి ముద్ద తిన్నది.

కాకి దిగింది. బొబ్బట్లూ కుడుములూ అరిసెలూ దాటుకుని వచ్చి, వాటి పక్కన పెట్టిన ఉత్త అన్నం ముట్టింది.

అప్పట్నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో, జబ్బుబిడ్డ ఉన్న ఇంటికి వెళ్తే బిడ్డ ఏం చేస్తున్నాడని అడగరు. అన్నం పట్టుకెళ్తారు. బిడ్డని అందుకుంటారు. తల్లిని కూర్చోబెడతారు. ఆమె తినడం అయ్యేదాకా ఒక్కరూ నోరు మెదపరు. ఆ మొదటి ముద్దని నూకాలు ముద్ద అంటారు. బొబ్బట్లు ఇప్పటికీ పంచుతారు, మనం తిండి మానేవాళ్ళం కాదు కదా. కాకపోతే ఇరుగుపొరుగు వండి తెస్తారు, తల్లి కూర్చుని తింటుంది.

కథ అయిపోయింది. ఇంక ఊఁ కొట్టడం ఆపండి. ఆ గుమ్మం దగ్గర బిడ్డనెత్తుకుని నిలబడ్డ అమ్మాయి ఎవరు? నేను మొదలుపెట్టినప్పట్నుంచీ అలా నిలబడే ఉంది, చూస్తూ కూర్చున్నారేం అందరూ? లేవండి, ఎవరో ఒకరు బిడ్డని అందుకోండి.

అమ్మా, ఇలా వచ్చి కూర్చో. నువ్వు తిన్నావా?