గవరయ్య కొట్టిన ఒకే ఒక్క దెబ్బ

చింతలకోట రాజు నరసరాజుగారికి ఓ పొద్దున ఫలహారం మధ్యలో కోరిక పుట్టింది.

"కర్రాబిళ్ళ పోటీ పెట్టించండి! గెలిచినవాడే ఆస్థాన ఆటగాడు, ఆస్థానం కర్ర వాడిదే. ఓడినవాడు ఆ కర్ర ఆశ వదులుకుని ఇంటికి పోవాలి!"

ఆ కర్ర ముప్పై ఏళ్ళుగా గవరయ్య చేతిలో ఉంది. గవరయ్యంటే ఎవరనుకున్నారు? ఆయన కొట్టిన బిళ్ళ ఆదివారం లేస్తే మంగళవారం దిగేది! దారిలో కొంగలు దానిమీద కూర్చుని సేదదీరేవి. ఇక పట్టడమంటారా, ఆయన్ని దాటి ఈగ కూడా పోయేది కాదు. ఈ కళ్ళతో చూశాను.

కానీ ఇప్పుడాయనకు అరవై దాటాయి. మోకాళ్ళు కిర్రుమంటున్నాయి. పోటీకొచ్చిన కేతన్నకు ఇరవై రెండు. కండలున్నాయి, మీసాలున్నాయి, వాటిని మించిన గొప్పలున్నాయి.

ఒక్కొక్కరికి ఒక్కటే దెబ్బ. నేలమీది బిళ్ళ కొసను కర్రతో తట్టి, అది పైకి లేవగానే కొట్టాలి. ఎదుటివాడు గాలిలో పట్టేస్తే సున్నా. నేలమీద పడితే ఎన్ని కర్రల దూరమో కొలుస్తారు.

ముందు కేతన్న వంతు. గవరయ్య వెళ్ళి వాడికి పదడుగుల్లో నిలబడ్డాడు.

"తాతా, వెనక్కి జరుగు. ఉన్న నాలుగు పళ్ళూ రాలతాయి!"

"నీ దెబ్బ ఇంతకన్నా దూరం వస్తుందా అబ్బాయ్? ముసలాణ్ణి, ఊరికే నడిపించకు."

జనం గొల్లుమన్నారు. కేతన్న ముఖం ఎర్రబడింది. మైదానమంతా ఖాళీ, ఎటైనా కొట్టొచ్చు. రోషంకొద్దీ సూటిగా ముసలాడి గుండెల మీదికే బాదాడు.

టప్!

బిళ్ళ గవరయ్య దోసిట్లో ఉంది. అరచేతుల్లోంచి పొగ కూడా వచ్చింది!

"సున్నా!" అని అరిచాడు కొలిచేవాడు.

ఇక గవరయ్య వంతు.

"అబ్బాయ్, కోటగోడ దగ్గర నించో. నా దెబ్బ సంగతి విన్నావుగా!"

"గోడ ఎక్కైనా పట్టేస్తాను!" అంటూ కేతన్న అంతదూరం పరుగెత్తాడు.

గవరయ్య బిళ్ళను లేపి, పసిపాప బుగ్గ తట్టినట్టు తట్టాడు. అది రెండు కర్రల దూరంలో పడింది. కేతన్న రొప్పుతూ వచ్చేసరికి చీమలు దానిమీద పెళ్ళి చేసుకుంటున్నాయి!

"ఇదేం దెబ్బయ్యా?" అన్నాడు రాజు.

"సున్నాను గెలవడానికి ఇది చాలు ప్రభూ. మిగతా బలం మీ బహుమానం మోసుకెళ్ళడానికి దాచుకున్నాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అయితే మొయ్యి చూద్దాం!" అని పట్టపుటేనుగునే ఇచ్చేశాడు.

గవరయ్య కర్ర భుజాన వేసుకుని, దర్జాగా ఆ ఏనుగెక్కి ఇంటికి పోయాడు.