వేడెక్కితే ఆగిపోయే బండి

“మరిచిపోయేవాడు కథ చెప్పవచ్చునా అమ్మా?” అని సూర్యప్రకాశం అడిగి అప్పటికి వారం దాటింది. భ్రమరాంబగారు జవాబు చెప్పలేదు. ఆవిడ పద్ధతే అంత. జీవితమంతా హరికథలు చెప్పిన మనిషికి మాటలకు కొదవేముంది? కానీ శిష్యుడు ప్రశ్న వేస్తే మాత్రం, భోజనం అయిందా అనో, మీ వీధిలో కుళాయి వస్తోందా అనో అడిగి ఊరుకునేది. అడిగినవాడు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయేవాడు. జవాబు ఎప్పుడో, ఏ కూరగాయల బజారులోనో ఎదురుపడేది.

ప్రకాశానికి అంత ఓపిక లేదు. యాభై దాటిన మనిషి. చక్కెర మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా ఉంటూ, నడివయసులో ఆవిడ దగ్గర చేరి కాలికి గజ్జె కట్టాడు. గొంతు మంచిది, నిలబడితే పందిరి నిండే విగ్రహం. రెండేళ్లుగా మాత్రం ఒక తెగులు పట్టుకుంది. కథ మొదటి సగం ఏరులా పారుతుంది. సగం దాటి, ఒళ్లు చెమటపట్టి, గొంతు వేడెక్కి, ఇక తనకు తిరుగు లేదనుకున్న చోట తరువాతి పద్యం చటుక్కున మాయమవుతుంది. కిందటి నెల ఒక ఊళ్లో అలాగే నోరు తెరుచుకుని నిలబడిపోతే, మృదంగం ఆయన ఏదో వాయించి కాసేపు గుట్టు కాపాడాడు. ఆ తరువాత ముందు వరసలో ఆడవాళ్లు చాపలు చుట్టుకోవడం మొదలుపెట్టారు. అదైనా భరించేవాడేమో. అతని తల్లి చివరి రోజుల్లో కన్నకొడుకు ముఖంలోకి చూసి, ఎవరు బాబూ మీరు, ఎవరింటికొచ్చారు అని మర్యాదగా అడిగింది. ఆ మర్యాద అతని చెవుల్లోంచి పోలేదు. తనకూ అదే మొదలైందని అతని భయం. అందుకే ఈ నవమి పందిట్లో ఆఖరి కథ చెప్పి, గజ్జెలు విప్పి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టేద్దామని నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి ఆవిడకీ చెప్పాడు. ఎన్నింటికి బయల్దేరుదాం అని మాత్రం అడిగిందావిడ.

కథ జ్యూటు మిల్లు కాలనీలో, దీపాలు పెట్టే వేళకి. బస్సు దిగితే చాలా దూరం నడవాలి కనుక ప్రకాశం తన మోటారుసైకిలు తెచ్చాడు. ఆవిడ పక్కకి తిరిగి కూర్చుని, ఒక చెయ్యి అతని భుజం మీద వేసి, రెండో చేత్తో చిరతల సంచీ పట్టుకుంది. బండికీ ఒక జబ్బుందమ్మా, వేడెక్కితే ఆగుతుంది అని అతను ముందే చెప్పుకున్నాడు. ఊరు దాటినప్పటినుంచీ ఆ సాయంత్రం చెప్పవలసిన పద్యాలు ఒకదాని వెనక ఒకటి గొణుక్కుంటూనే ఉన్నాడు. చివరిదాకా వచ్చి మళ్లీ మొదటికి పోతాడు. వెనక కూర్చున్నావిడకి అది ఇంజను చప్పుడో శిష్యుడి చప్పుడో తెలియలేదు.

జీడితోటల దగ్గర బండి రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. ప్రకాశం దిగి ప్లగ్గు విప్పాడు, చెయ్యి కాల్చుకున్నాడు, ప్లగ్గు తుడిచి బిగించాడు, తన్నాడు. బండి ఉలకలేదు. అతనికి వచ్చిన కోపానికి అంతు లేదు. ముగ్గురు మెకానిక్కులు చూశారట. ఒకడు ప్లగ్గు మార్చాడు, ఒకడు కాయిల్ మార్చాడు, మూడోవాడు కార్బురేటర్ విప్పి కడిగి, ఇది వేడెక్కితే ఆగే బండి గురువుగారూ, ఆగితే చల్లారనిచ్చి వెళ్లండి అని సెలవిచ్చాడట. ఆ ముక్క చెప్పడానికి వాడెందుకని ప్రకాశం పళ్లు నూరాడు. ఇంతలో సైకిలు మీద ముంజెలు తీసుకుపోతున్న మనిషి ఒకాయన ఆగి, ఇంజను మీద తడిగుడ్డ ఎయ్యండి బాబూ, మా బావ బండికీ ఇదే రోగం అని చెప్పి పోయాడు. ప్రకాశం తువ్వాలు తడిపి వేశాడు. అది బుస్సుమని ఆవిరై, తువ్వాలు మసిబట్టింది.

“మొదట్లో బాగానే పరిగెత్తిందే,” అంది భ్రమరాంబగారు కల్వర్టు గట్టు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటూ.

“మొదట్లో అన్నీ బాగానే పరిగెడతాయమ్మా,” అన్నాడతను, మసి తువ్వాలు పిండుతూ.

చల్లారేదాకా కూర్చుని బయల్దేరారు. తాటితోపు దాటారో లేదో మళ్లీ ఆగింది. ఈసారి అతను బండిని నిలబెట్టనైనా లేదు, హ్యాండిలు మీదికి వాలిపోయి, నీకూ నాకూ బుర్ర ఒక్కటే అని దాంతో చెప్పుకున్నాడు. పొద్దు వాలుతోంది. అవతల పందిట్లో మృదంగం ఆయనా వయొలిన్ ఆయనా వచ్చి కూర్చుని ఉంటారు. ఆఖరి కథకైనా వేళకి చేరే యోగం లేదా అని అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. భ్రమరాంబగారు పెట్రోలుందా అని అడిగింది. పొద్దున్నే పోయించానన్నాడు విసుగ్గా. ఉందో లేదో మూత తీసి చూడమంది. ఉందని చెబుతున్నానుగా అమ్మా అన్నాడు.

“చూస్తే తరిగిపోతుందా? తియ్యరా.”

తాళం తిప్పి మూత ఎత్తాడు. నీళ్లలో మునిగినవాడు పైకి లేచి గాలి పీల్చినట్టు ట్యాంకులోంచి హుస్సుమని చప్పుడొచ్చింది. పెట్రోలు నిండుగా ఉంది. మూత వేసి, చూశారా అన్నట్టు ఆవిడవైపు చూసి, పంతానికి ఒక్క తన్ను తన్నాడు. బండి అందుకుంది. చల్లారినట్టుంది ఎక్కండమ్మా అన్నాడు. ఎక్కడ చల్లారిందిరా, ఆగి ఎంతసేపైంది, నా కాలికి సెగ కొడుతూనే ఉంది అని ఆవిడ సణిగింది. అతను వినిపించుకోలేదు. పద్యాలు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

రైలు గేటు దాటాక మూడోసారి ఆగింది. ఇక ప్రకాశం దిగి రోడ్డు పక్కకి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఈ బండినీ, దీన్ని అంటగట్టిన బావమరిదినీ, ముగ్గురు మెకానిక్కుల వంశాలనీ వరసగా తిట్టాడు. ఆ తిట్లలో ఒక్క మాటైనా మరిచిపోలేదని ఆవిడ గమనించింది. మళ్లీ మూత తియ్యమంది. తీశాడు. మళ్లీ అదే చప్పుడు. తన్నితే మళ్లీ అందుకుంది. ఇంజను మీద ఉమ్మేస్తే చుయ్యిమనే వేడి. అప్పుడు ప్రకాశం తిట్లు ఆపి, మూతని చేతిలోకి తీసుకుని చూశాడు.

మూత పైన పసుపు, దాని మీద గంధం, దాని మీద కుంకుమ. ఒక పూత కాదు. ట్యాంకు నడినెత్తిన ఉంటుంది కనుక అతనికి అది బండి నుదురులా తోచింది. విజయదశమికి అందరూ చేసే పూజే, అతను ప్రతి కథకీ బయల్దేరేముందు చేసేవాడు. బండి ఆగడం మొదలైనప్పటినుంచీ భయంతో ఇంకాస్త దట్టంగా పట్టించేవాడు. ఆగినకొద్దీ పూత పెరిగింది. పూత పెరిగినకొద్దీ ఆగింది. ముగ్గురు మెకానిక్కులూ పూజ చేసిన మూతని తాకడమెందుకని చుట్టూ ఉన్నవన్నీ విప్పారు. ఆ పొరల అడుగున, తాళం రంధ్రం పక్కన, గాలి పోవడానికి సూదిబెజ్జమంత సందు ఒకటి ఉండాలి. ఉన్నట్టే కనిపించలేదు. పెట్రోలు కిందికి దిగాలంటే దాని వెనకే గాలి లోపలికి రావాలి కదా. రాక, ట్యాంకు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

భ్రమరాంబగారు జడలోంచి తలపిన్ను తీసి, కూర్చుని నెమ్మదిగా ఆ సందు పొడిచింది. పసుపు పొడిపొడిగా రాలింది.

“దేవుడికైనా ముక్కు మూసి పూజ చెయ్యకూడదు నాయనా,” అంది.

తరువాత బండి కాలనీ దాకా ఆగలేదు. పందిరి నిండి ఉంది. పక్క గదిలో ప్రకాశం గజ్జెలు కట్టుకుంటూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఆవిడ స్తంభానికి ఆనుకుని చూస్తూ, కథ మధ్యలో జనం చేత హరి అనిపించడం ఎందుకు మానేశావని అడిగింది. హరికథలో అదొక ఆచారం. చెప్పేవాడు ఉన్నట్టుండి కథ ఆపి గోవిందో అంటాడు, పందిరంతా హరి అంటుంది, మళ్లీ కథ నడుస్తుంది. ప్రకాశం తలెత్తకుండానే చెప్పాడు: ఆగితే దారం తెగుతుందమ్మా, ఎక్కడున్నానో పోతుంది, అందుకని ఆపకుండా లాగేస్తున్నాను. ఎన్నాళ్లైందని అడిగింది. రెండేళ్లన్నాడు. ఆవిడ తలపిన్ను కొసన అంటుకున్న పసుపుని కొంగుతో తుడిచి, పిన్ను జడలో పెట్టుకుని, వెళ్లి ఆడవాళ్లలో కూర్చుంది.

ప్రకాశం కథ ఎత్తుకున్నాడు. మొదటి సగం ఎప్పటిలాగే పారింది. సగం దాటింది. చెమట పట్టింది, గొంతు వేడెక్కింది. ఎదురు చూస్తున్న చోటు రానే వచ్చింది, పద్యం రాలేదు. మనసులో వెతికాడు, తల్లి ముఖం కనిపించింది. ముందు వరసలో ఒకావిడ చాప కొస సర్దుకుంటోంది. మృదంగం ఆయన ఇతనివైపు చూశాడు. నోరు తెరిచి ఉంది, ఏదో ఒకటి అనాలి. చిరతలు పైకెత్తి, రెండేళ్లుగా అనని మాట అన్నాడు.

“గోవిందో...”

“హరి!” అంది పందిరి. మిల్లు షిఫ్టు దిగి వచ్చినవాళ్ల గొంతులు, ముసలమ్మల గొంతులు, అన్నీ కలిసి రేకుల కప్పు అదిరింది. అతను ఆగాడు. నిజంగా ఆగాడు. ఒళ్లంతా ఒక్కసారి గాలి పీల్చింది. పద్యం రెండో పాదం ముందు వచ్చింది, దాని చెయ్యి పట్టుకుని మొదటి పాదం వచ్చింది. కథ మంగళహారతిదాకా నడిచింది. ఒక్క చాపా లేవలేదు.

జనం తీర్థం పుచ్చుకుని వెళ్లాక ప్రకాశం గజ్జెలు విప్పి చేతిలో పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చాడు. కాళ్ల దగ్గర పెట్టలేదు, సంచీలోనూ వేసుకోలేదు. ఇవాళ కూడా ఒకచోట మరిచిపోయానమ్మా అన్నాడు. దాచడం అతనికి చేతకాదు.

“తెలుసు,” అంది భ్రమరాంబగారు, చెప్పుల కోసం చీకట్లో కాలితో వెతుక్కుంటూ. “అందరికంటే గట్టిగా హరి అన్నది నేనే.”