సూదమ్మ తోకకి కట్టిన తీగ

అనగనగా ఒక అడవిలో చీమలకైనా కాస్త తీరిక ఉండేది గానీ, సూదమ్మకి మాత్రం ఉండేది కాదు.

సూదమ్మ ఎవరంటారా? ఒక ముళ్ళపంది. నల్లరాళ్ళ గుట్ట కింద బొరియలో ఉండేది. ఆ బొరియలోనే మొగుడు కొండయ్య, చూపు సరిగా ఆనని ముసలి అత్త, ఇద్దరు మగపిల్లలు. అందరికీ దుంపలు తవ్వాలి. పళ్ళు లేని అత్తకి మెత్తటి వేర్లు ఏరాలి. పిల్లల ముళ్ళలో ఇరుక్కున్న పల్లేరుకాయలు తీయాలి. తీసి అటు తిరిగేలోపు వాళ్ళు మళ్ళీ ఇరికించుకొచ్చేవాళ్ళు. పిల్లల సంగతి మీకు నేను చెప్పాలా?

అయినా రోజూ పొద్దువాలే వేళ సూదమ్మకి ఒక చిన్న సంతోషం ఉండేది. ముళ్ళపంది తోక చివరి ముళ్ళు లోపల డొల్లగా ఉంటాయి. తోక ఊపితే గలగలమంటాయి. మిగతా ముళ్ళపందులు నక్కని బెదిరించడానికే వాటిని మోగించేవి. సూదమ్మ మాత్రం వాటితో దరువులు కట్టేది. ఒకరోజు వడ్రంగిపిట్ట దరువు, ఇంకోరోజు టేకాకుల మీద చినుకుల దరువు. కట్టింది మళ్ళీ కట్టేది కాదు. ఎంతసేపనుకున్నారు? ఒక దుంప తినేంతసేపు, అంతే. తర్వాత పనిలో పడేది. కానీ ఆ కాసేపూ మోగించుకున్న రోజు ఆమె మొహమే వేరుగా ఉండేది.

ఆ దరువు వినడానికి వాగు దగ్గర్నించి డిప్పమ్మ అవ్వ వచ్చేది. డిప్పమ్మ ముసలి తాబేలు. మధ్యాహ్నం బయల్దేరితే పొద్దువాలే వేళకి గుట్ట దగ్గరికి చేరేది. విని, "బాగుంది తల్లీ" అని, వచ్చిన దారినే మెల్లగా వెళ్ళిపోయేది.

ఇలా ఉండగా సూదమ్మకి మూడో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. చిగురు అని పేరు పెట్టారు. ఒక సాయంత్రం తోక మోగగానే పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.

"అమ్మాయ్, పాప జడుసుకున్నట్టుంది, చూడు" అంది అత్త.

అత్త అన్నది అంతే. తోక మోగించొద్దని ఆవిడ అనలేదు, మొగుడూ అనలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. సూదమ్మే వెళ్ళి ఒక తిప్పతీగ తెంపి తెచ్చుకుంది. తోక ముళ్ళన్నీ దగ్గరికి లాగి, తీగ చుట్టి, గట్టిగా ముడి బిగించింది.

"నాలుగు రోజులు పోయాక విప్పుకుంటాలే" అనుకుంది.

మర్నాడు సాయంత్రం డిప్పమ్మ వచ్చి కూర్చుంది.

"పాపకి నిద్ర పట్టడం లేదవ్వా. కాస్త పెద్దదవనీ" అంది సూదమ్మ.

"అలాగేలే తల్లీ. ముందు పిల్ల సంగతి చూసుకో" అని డిప్పమ్మ వెనక్కి వెళ్ళింది.

వానలు మొదలయ్యాక డిప్పమ్మ మళ్ళీ వచ్చింది. సూదమ్మ ఒళ్ళంతా బురద.

"బొరియలోకి నీళ్ళొచ్చాయవ్వా. మట్టి ఎత్తిపోస్తున్నాను."

"చిన్న దరువు చాలే తల్లీ. ఇంత దూరం వచ్చాను."

"ఏదో మోగించామంటే మోగించామన్నట్టు ఉండకూడదవ్వా. తీరిక దొరకనీ, మంచిది కడతాను."

"తీరికేమన్నా దుంపా తల్లీ, తవ్వితే దొరకడానికి?" అని డిప్పమ్మ నవ్వింది. నవ్వి, వానలో తడుస్తూ వెళ్ళిపోయింది.

ఎండాకాలంలో మూడోసారి వచ్చింది. ఈసారి సూదమ్మ పెద్ద కొడుక్కి కొత్త బొరియ తవ్వుతోంది.

"వచ్చే పున్నమి రోజు తప్పకుండా మోగిస్తానవ్వా. ఒట్టు" అంది సూదమ్మ.

"అయితే ఆ రోజు పొద్దున్నే బయల్దేరతాను. కాళ్ళు మునుపటిలా లేవు" అంది డిప్పమ్మ.

పున్నమి వచ్చింది. ఆ రోజు రెండోవాడికి కాలు బెణికింది, అత్తకి కడుపులో నొప్పి. సూదమ్మకి ఒట్టు సంగతే గుర్తులేదు.

మర్నాడు దుంపలకి వెళ్తుంటే దారి మధ్యలో డిప్పమ్మ కనిపించింది. కదలడం లేదు. కాళ్ళు గుట్టవైపే ఉన్నాయి. తల డిప్పలోకి ముడుచుకోలేదు. వినడానికి చాచినట్టు బయటికే ఉంది.

"అవ్వా! డిప్పమ్మవ్వా!" అని సూదమ్మ ఎంత పిలిచినా పలకలేదు.

సూదమ్మ దాని మీద ఎండుటాకులు కప్పింది. ఏడుస్తూనే దుంపలు తవ్వింది. ఇంటి దగ్గర పిల్లలు ఆకలితో ఉన్నారు మరి. ఇంటికి రాగానే తీగ విప్పేయాలనుకుంది. గుమ్మంలోనే కొండయ్య ఎదురొచ్చాడు.

"మా అన్నావాళ్ళు వస్తున్నారు. ఇంకో నాలుగు దుంపలు తవ్వుకురా" అన్నాడు.

సూదమ్మ వచ్చిన కాళ్ళతోనే మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత తీగ మాట మర్చిపోయింది. మర్చిపోయిందో, తలచుకోవడం మానేసిందో, నాకూ తెలియదు.

ఏళ్ళు గడిచాయి. కొడుకులిద్దరూ ఎవరి బొరియలు వాళ్ళు చూసుకున్నారు. చిగురు ఎదిగింది. ఒకరోజు పొద్దువాలే వేళ అది తోక ఊపితే మొదటిసారి గలగలమంది. సూదమ్మ ఉలిక్కిపడి చూసింది. చిగురు కాసేపు గుండ్రంగా తిరుగుతూ మోగించుకుంది. తర్వాత ఎక్కడికో పరిగెత్తి, నోట ఒక తీగ కరుచుకుని వచ్చింది. తిప్పతీగ.

"అమ్మా, ఇది నా తోకకి కట్టవూ?" అంది.

"ఎందుకే?"

"నేనూ పెద్దదాన్నయ్యానుగా. పెద్దయ్యాక కట్టుకోవాలి కదా, నీలాగ."

సూదమ్మ వెనక్కి తిరిగి తన తోకకి ఉన్న తీగని చూసుకుంది. తర్వాత అడిగింది.

"మోగించుకుంటే నీకు ఎలా ఉందమ్మా?"

"భలే బాగుందమ్మా! అందుకే తొందరగా కట్టెయ్యి. అలవాటైపోతే మానడం కష్టం కదా."

సూదమ్మ ఆ తీగ అందుకుంది. పళ్ళతో రెండు ముక్కలు కొరికి అవతల పారేసింది. తర్వాత వెనక్కి తిరిగి కూర్చుంది.

"ఇదిగో, నాది విప్పు."

ముడి రాలేదు. చిగురు కొరికి లాగింది. తీగతోపాటు ముళ్ళూ ఊడొచ్చాయి. ఇన్నేళ్ళు బురదా తడీ పట్టి లోపలే కుళ్ళిపోయాయి. ఆ వయసులో మళ్ళీ మొలిచేవీ కావు. చివరికి ఒక్క ముల్లు మిగిలింది. సూదమ్మ తోక ఊపింది.

టిక్.

"అదేంటమ్మా?" అంది చిగురు.

"అది వడ్రంగిపిట్ట దరువు. ఒకప్పుడు" అంది సూదమ్మ.

బొరియలోంచి ముసలి అత్త గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఇందాక మోగించింది నువ్వేనా? పొద్దువాలిందా? కళ్ళు లేనిదాన్ని, నీ తోక చప్పుడు వింటేనే నాకు పొద్దువాలిందని తెలిసేది. ఎందుకు మానేశావో అడుగుదామనుకుంటూనే ఉన్నాను. నీకు తీరిక ఉండదని అడగలేదు."

సూదమ్మ అప్పుడు ఏడ్చింది. డిప్పమ్మ పోయిన రోజు ఏడవాల్సిందంతా కలిపి, దుంపల పని పక్కన పడేసి, బిగ్గరగా ఏడ్చింది. చిగురు అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది.

కళ్ళు తుడుచుకున్నాక సూదమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని దారి మధ్యకి వెళ్ళింది. అక్కడ ఎండుటాకుల కింద ఖాళీ డిప్ప ఇంకా ఉంది. దాని పక్కన కూర్చుని దరువు నోటితో చెప్పింది. చిగురు తోకతో మోగించింది. ఒకచోట తప్పింది. మళ్ళీ మోగించింది. ప్రతి దరువు చివరా సూదమ్మ తన ఒక్క ముల్లూ ఆడించింది. టిక్.

ఆ రోజు దుంపలు ఆలస్యంగా వచ్చాయి. కొండయ్య ఆలస్యంగా తిన్నాడు. అత్తా ఆలస్యంగానే తింది. కొంపలేమీ మునిగిపోలేదు.

అది చూసి సూదమ్మకి ఇంకా ఏడుపొచ్చింది. ఇంత చిన్న ఆలస్యానికి భయపడే అన్నేళ్ళు తోక కట్టుకుంది. ఆ సాయంత్రం నుంచి తల్లీకూతుళ్ళు రోజూ ఆ దారిలో కూర్చుని దరువు వేసేవాళ్ళు. అందరికంటే ఎక్కువగా వినాలనుకున్న డిప్పమ్మ మాత్రం వినలేదు.

నీతి: ఇంటి పని ఎప్పటికీ తీరదు. మీకు సంతోషమిచ్చే పనికి రోజులో కాసేపైనా ఇవాళే చోటివ్వండి. మిమ్మల్ని మీరు కట్టేసుకుంటే, మీ పిల్లలూ అదే నేర్చుకుంటారు.