నక్కబావ ముందస్తు ఎత్తు

వాగుకు ఈవలి అడవిలో ఏ తగవొచ్చినా చదరంగంతో తేల్చుకోవాలన్నది పద్ధతి. నక్కబావతో మాత్రం ఎవరూ ఎదురెదురుగా కూర్చుని ఆడరు. ఓడిపోతున్నానని తెలిస్తే ఎదుటివాణ్ణే నమిలేస్తాడు మరి! అందుకని వాగుకు అటొక బండ, ఇటొక బండ, రెంటి మీదా గళ్లు. ఎత్తులు మోసేది వడ్రంగిపిట్ట. నడుమ రాతి మీద కోతి చెరొక చిల్లుకుండ పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరి వంతు వస్తే వాళ్ల కుండ కారుతుంది. ఎత్తు చెప్పగానే కోతి వేలితో చిల్లు మూస్తుంది. ముందు ఎవరి కుండ ఎండితే వాళ్లు ఓడినట్టు.

చకచకా ఎత్తులు వేసే నక్కబావకు ఈ ఆటలో తిరుగులేదు. కుందేలు పొద గెలిచాడు, పునుగుపిల్లి తొర్ర గెలిచాడు. ఇప్పుడు ముళ్లపంది బొరియ మీద కన్నేశాడు. వానలు ముంచుకొస్తున్నాయి, మిట్ట మీదున్న బొరియ అదొక్కటే. పాపం, ముళ్లపందికి ఇద్దరు పసికూనలు.

భయం ఉండనే ఉంది. దానికంటే ఎక్కువగా ఒక సందేహం ఆమెను తొలిచేసింది. నేరుగా కుందేలు దగ్గరికి వెళ్లింది.

“తమ్ముడూ, అంత వేగంగా ఆడేవాడు దేన్ని చూసి ఆడతాడు?”

“నాకేం తెలుసక్కా! రెండో ఎత్తుకే మంత్రిని మీదికి తోలాడు. హడలిపోయి బంటును అడ్డం తోశాను. కన్ను మూసి తెరిచేలోగా నా నడిమి బంటు పోయింది, వెంటనే మూల ఏనుగూ పోయింది.”

“అందరూ బంటునే తోశారా?”

“అందరం అంతే!”

మర్నాడు అడవిపందితో నక్కబావ ఆడుతుంటే ముళ్లపంది పొదచాటు నుంచి చూసింది. భలే వింత! నక్కబావ బండ వైపు చూడనే లేదు. చూపంతా కుండ మీదే. మంత్రి ఎత్తు మోసుకొచ్చిన పిట్ట తిరిగి వెళ్లకుండా అడవిపంది పక్కనే వాలింది. అడవిపంది బంటును తోసిందో లేదో, నక్క జవాబును పిట్టే చెప్పేసింది.

“ఓహో, ఎదుటివాడు ఆడకముందే తన తర్వాతి ఎత్తు చెప్పి పంపుతున్నాడన్నమాట!” అనుకుంది ముళ్లపంది. ఆ రోజు ఆమెకు కడుపునిండా తిన్నంత తృప్తి కలిగింది.

తన ఆట రానే వచ్చింది.

“కానీయ్ వదినా, ఆలస్యం అమృతం విషం!” అని అవతలి నుంచి అరిచాడు నక్కబావ.

“పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలులే, మరిదీ!”

రెండో ఎత్తుకే మంత్రి దూసుకొచ్చింది. ముళ్లపంది మంత్రిని చూడలేదు, పిట్టను చూసింది. పిట్ట తిరిగి వెళ్లలేదు, పక్కనే కొమ్మ మీద వాలింది. కుండ కారిపోతోంది, కూనలు కీచుమంటున్నాయి. ముళ్లపంది తొందరపడకుండా గుర్రాన్ని నడిమి బంటుకు కాపలాగా నిలిపింది.

“నక్క మంత్రి నడిమి బంటును చంపింది!” అని కూసింది పిట్ట.

“నా గుర్రం ఆ మంత్రిని చంపింది” అంది ముళ్లపంది.

కబురు అవతలికి చేరేసరికి నక్కబావ గావుకేక పెట్టాడు. “ఆగాగు! గుర్రం కాపలా ఉందని నాకు చెప్పొద్దూ?”

“చెప్పడానికి నేనొచ్చేలోగా నువ్వే ఆడేశావు కదా బావా!” అంది పిట్ట. “ముందే చెప్పి పంపిన మాట వెనక్కి పోదన్న నియమం పెట్టింది కూడా నువ్వే.”

నక్కబావ అప్పుడు, తన బతుకులో మొదటిసారి, బండ వైపు చూశాడు. ఎన్ని గళ్లు, ఎన్ని దారులు! ఎటు కదిలితే ఏమవుతుందో తోచక అలా చూస్తూనే ఉండిపోయాడు.

“బావా, నీ కుండ ఎండింది” అంది కోతి.

తొలివాన పడేనాటికి బొరియలో కూనలు వెచ్చగా నిద్రపోతున్నాయి. బయట తడుస్తూ నక్కబావ ఇంకా ఆ గుర్రం గురించే ఆలోచిస్తున్నాడు.

ఎదుటివాడి ఎత్తు కూడా తానే ఊహించేసుకున్నవాడికి, వాడు నిజంగా వేసిన ఎత్తు కనబడదు.