బండి వేడెక్కేదాకా

చిలకమ్మ చనిపోయిన దగ్గర్నుంచి సిస్టర్ సలోమి జీపు తాళాలు ముట్టుకోలేదు.

చింతపల్లి కొండల మీద సిస్టర్లు నడిపే చిన్న మఠం అది. అందులో ఒక మందుల గది, రోగుల్ని కిందికి దింపడానికి ఒక జీపు. జీపు నడిపేది సలోమి. చిన్న వయసులో ఆమెను మఠంలోకి తీసుకుని, ప్రార్థన నుంచి పుండుకు కట్టు కట్టడం దాకా అన్నీ నేర్పింది మదర్ ఆగ్నేస్.

ఆ రోజు తెల్లవారుతూ ఉండగా లచ్చన్న తన భార్య చిలకమ్మను డోలీలో మోయించుకొచ్చాడు. కాన్పు కష్టమైంది. ఇద్దర్నీ వెనక ఎక్కించి సలోమి ఇంజను స్టార్ట్ చేసింది. చేసి, ఆగింది.

పాత జీపు రోజుల అలవాటది. చలికాలంలో ఆ జీపును వెంటనే కదిపితే ఘాట్ రోడ్డు మధ్యలో ఆగిపోయేది. ఇది కొత్త జీపే అయినా, ఇంజను చప్పుడు సర్దుకునేదాకా ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. వెనక చిలకమ్మ మూలుగుతోంది.

కింద పెద్దాసుపత్రి గేటు కనబడేసరికి ఆ మూలుగు ఆగిపోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

తర్వాత జీపు చూడటానికొచ్చిన మెకానిక్కును, ఇంజను వేడెక్కేదాకా ఆగాలా అని సలోమి అడిగింది.

"ఈ కొత్త బండ్లకి అట్లా ఆగక్కర్లేదు సిస్టర్. స్టార్ట్ చేసి మెల్లగా పోనిస్తే దారిలో అదే వేడెక్కుతుంది," అన్నాడతను. ఆమె ఎందుకడిగిందో అతనికి తెలియదు.

అప్పట్నుంచి ఆమెకు అన్నం సయించలేదు. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉండేది గాని పెదవులు కదిలేవి కావు. చివరికి ఒక ఉదయం మదర్ దగ్గరికి వెళ్ళింది. మదర్ ఎండలో కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. సలోమి జరిగినదంతా చెప్పింది.

"ఆమెను చంపింది నేనేనా అమ్మా?"

మదర్ చేతులు ఆగాయి.

"ఈ మాట లచ్చన్నకు చెప్పావా?"

సలోమి తల అడ్డంగా ఊపింది.

మదర్ ఒళ్ళో ఉన్న గింజలు చేటలో పోసి లేచింది. శాలువా కప్పుకుంది. మేకుకు వేలాడుతున్న తాళాలు తీసి సలోమి చేతిలో పెట్టి, వెళ్ళి జీపులో కూర్చుంది.

"ఎక్కడికమ్మా?"

"లచ్చన్న ఇంటికి."

"నా వల్ల కాదు. మనసు కాస్త కుదుటపడనివ్వండి. అప్పుడు వెళ్తాను."

"దారిలో కుదుటపడుతుందేమో. పడకపోనూ వచ్చు. బండి పోనీ."

సలోమి తాళం తిప్పింది. ఇంజను లేచింది. గేరు మీదికి పోవలసిన చెయ్యి అలవాటుగా ఆగిపోయింది. అలా ఆగిందని తెలియగానే ఆమె మదర్ వైపు చూసింది. మదర్ ఎదురుగా లోయలోని పొగమంచు వైపు చూస్తూ కూర్చుంది.

బండి కదిలింది.

రోడ్డు ఆగిపోయిన చోట జీపు వదిలి ఇద్దరూ నడిచారు. లచ్చన్న ఇంటి ముందు కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. వాళ్ళను చూసి లేచి నిలబడ్డాడు. సలోమి దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"లచ్చన్నా, ఆ పొద్దు నేను బండి వెంటనే తియ్యలేదు. ఇంజను వేడెక్కాలని ఆగాను. ఆగక్కర్లేదట. నాకు తర్వాత తెలిసింది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"అప్పుడే కదిలుంటే బతికేదా అమ్మా?"

"తెలియదు."

"బండి ఎందుకు కదల్లేదని అది నన్నడిగినాది," అన్నాడు లచ్చన్న. "సిస్టరమ్మకి తెలుసులే, నువ్వు ఊరుకో, అని చెప్పినాను."

చేతిలోని కత్తి కింద పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సలోమి ఆ తలుపు వైపే చూస్తూ నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. కొట్టినా బాగుండేది.

"వెళ్ళిపోదామా అమ్మా?"

మదర్ అరుగు మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. సలోమి కూర్చుంది. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు వినబడింది. భార్య పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, గొంతు అణుచుకోవడం చేతగాక ఏడుస్తున్నాడు.

సలోమి రెండు చేతులతో చెవులు మూసుకోబోయింది. మదర్ ఆ చేతులు మెల్లగా కిందికి దించి, తన ఒళ్ళో పెట్టుకుంది.

"దేవుడు నన్ను క్షమిస్తాడా అమ్మా?"

"దేవుడి సంగతి తర్వాత చూద్దాం," అంది మదర్. "ముందు ఆ మనిషిని ఏడవనీ."