మిరియం కొలిపించిన మూడు నిలువులు

అనగనగా సముద్రం ఒడ్డునే ఒక అడవి. ఆ అడవిలో జంతువులకు ఒక వింత సరదా ఉండేది. ఎండిన సొరకాయ బుర్రలో గాలి నింపి వీపుకు కట్టుకునేవి. తేలిపోకుండా నడుముకు రాళ్లు కట్టుకునేవి. తామర తూడుతో ఆ బుర్రలో గాలి పీలుస్తూ నీళ్ల అడుగున తిరిగేవి. ఏం, నమ్మరా? నమ్మనివాళ్లు వెళ్లి పడుకోండి. నమ్మేవాళ్లు దగ్గరికి జరగండి.

ఈ విద్య నేర్పేది డిప్పయ్య మాస్టారు. ఆయనొక ముసలి తాబేలు. మిరియం అనే ముంగిస ఆయన దగ్గర నెల రోజులు నేర్చుకుంది. చివరి రోజున ఆయన పరీక్ష పెట్టి, అందరి ముందూ ఇలా చెప్పాడు.

"మిరియం నెగ్గింది. ఇక నేను పక్కన లేకపోయినా దిగొచ్చు. కానీ జోడు లేకుండా దిగకూడదు. మూడు నిలువుల లోతు దాటకూడదు."

నిలువు అంటే తెలుసు కదా? నిటారుగా నిలబడితే ఎంత ఎత్తు ఉంటామో అంత. బావి లోతు చెప్పేటప్పుడు పెద్దవాళ్లు అలాగే అంటారు.

మిరియం కాళ్లు నేల మీద నిలవలేదు. ఎగురుకుంటూ గొంగళయ్య దగ్గరికి పోయింది. గొంగళయ్య ఒక ఎలుగుబంటి. వారం ముందే అతనూ పరీక్ష నెగ్గాడు. జోడుగా రమ్మంటే సరేనన్నాడు.

ఇద్దరూ ఇసుకలో కూర్చుని పుల్లతో బొమ్మ గీశారు. ఎక్కడ దిగాలి, అల ఎటు లాగుతుంది, ఎక్కడ పైకి తేలాలి, అన్నీ అనుకున్నారు. బుర్రలో ముప్పై గుక్కల గాలి ఉంటుంది. పోవడానికి పది, రావడానికి పది. మిగతా పది ముట్టుకోకూడదు. గాలి అయిపోతే పంజా గొంతు మీద పెట్టాలి. మాస్టారు చెప్పిన పాఠం ఒక్క ముక్క పొల్లుపోలేదు. బంగారంలాంటి ఏర్పాటు.

ఆ తర్వాతే వచ్చింది తంటా. మిరియం వెనక కాళ్ల మీద నిలబడి, తన ఎత్తుకు మూడింతలు తాడు కొలిచింది. తాడు చివర రాయి కట్టి నీళ్లలోకి వదిలింది. అది ఒడ్డు పక్కనున్న బల్లరాయి దాకానే దిగింది. మిరియం ముఖం మాడిపోయింది. ఎందుకంటే దాని ఆశంతా పగడాల తోట మీద. ఆ తోట ఇంకా చాలా కిందుంది. ఒడ్డునున్న కొండ మీది నుంచి లీలగా కనబడేది. అదంతా ఎర్రెర్రగా ఉంటుందని మిరియం ఊహించుకునేది. దాన్ని చూడాలనే ఇంత కష్టపడి నేర్చుకుంది పాపం.

కాసేపు తోక ఊపుతూ ఆలోచించింది. ఉన్నట్టుండి కళ్లు మెరిశాయి.

"గొంగళయ్య మామా, మాస్టారు మూడు నిలువులు అన్నారు. ఎవరి నిలువో చెప్పారా?" అంది.

గొంగళయ్య తల గోక్కుని, చెప్పలేదన్నాడు.

"అయితే నువ్వు నిలబడు."

అతను నిలబడ్డాడు. మిరియం అతని కాలి నుంచి తల దాకా మూడుసార్లు తాడు కొలిపించింది. ఈసారి తాడు సరిగ్గా పగడాల తోటను తాకింది. నీ బుర్ర చిన్నది కదమ్మా అని గొంగళయ్య నసిగాడు. ముప్పై గుక్కలంటే ముప్పై గుక్కలే అని మిరియం కొట్టిపారేసింది. చూశారా, వీపు మీది బుర్ర నిండుగానే ఉంది. మెడ మీది బుర్రే ఖాళీ.

ఇద్దరూ దిగారు. మొదటి నిలువులో చారల చేపలు ఎదురొచ్చాయి. రెండో నిలువులో చెవులు నొక్కుకుపోయాయి. మిరియం గుటకలు మింగి సర్దుకుంది. మూడో నిలువులో పగడాల తోట. మిరియం గుండె ఉప్పొంగిపోయింది. కానీ ఆ ఎరుపు ఏదీ? అంత లోతుకు వెలుగు సరిగా దిగక అన్నీ బూడిద రంగులోనే ఉన్నాయి. లోపల ఎక్కడో ఉంటుందిలే అని ఇంకా ముందుకు పోయింది. పది గుక్కలు అయ్యాయి, తిరుగుదామని గొంగళయ్య సైగ చేశాడు. ఒక్క క్షణం అని అది పంజా చూపించింది.

పద్నాలుగో గుక్క పీల్చింది. ఏమీ రాలేదు. మళ్లీ పీల్చింది. తూడు నోటికి అతుక్కుపోయింది.

మిరియం ప్రాణం గిలగిల్లాడింది. పంజా గొంతు మీద పెట్టింది. గొంగళయ్య పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. తన తూడు తీసి దాని నోట్లో పెట్టాడు. ఒక గుక్క దానికి, ఒక గుక్క తనకి. అది భయంతో పైకి దూసుకుపోబోతే మెడ పట్టి ఆపాడు. బుడగల కంటే ముందు పోకుండా, మెల్లగా, ఊపిరి వదులుతూ ఇద్దరూ పైకి తేలారు.

ఒడ్డున డిప్పయ్య మాస్టారు తాడు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇంత పొడుగేమిటని అడిగాడు. పొరపాటు నాదేనని గొంగళయ్య మొదలుపెట్టాడు.

"కాదు మాస్టారూ. కొలిపించింది నేనే" అంది మిరియం.

మాస్టారు కేకలేయలేదు. లోతుకు పోయేకొద్దీ ఒక్కో గుక్కకు గాలి ఎక్కువ పడుతుందని చెప్పాడు. గొంగళయ్య మోసేది కుండంత బుర్ర, అది తట్టుకుంటుంది. మిరియం మోసేది గుప్పెడంత. ఎవరి ఎత్తుకు తగ్గ బుర్ర వాళ్లు మోస్తారు కాబట్టే ఎవరి లోతు వాళ్ల ఎత్తుతో కొలవాలి.

"నువ్వు నా మాట మీరలేదమ్మా. మాటలో సందు వెతికావు. నేనైతే ఆ సందులోంచి నిన్ను పోనిస్తానేమో. సముద్రం పోనివ్వదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మిరియం తనను తాను కొలుచుకుంది. మునివేళ్ల మీద లేవబోయి, సిగ్గుపడి మడమలు నేలకు ఆనించింది. మూడు నిలువులు. బల్లరాయి దాకా. గొంగళయ్యకు ఆ నీళ్లు మెడ దాకానే వచ్చాయి. అయినా జోడు జోడే కదా, తల ముంచుకుని పక్కనే నిలబడ్డాడు.

బల్లరాయి మీద ఎండ పడుతోంది. రాతి పగుల్లో అరచేతంత పగడం మొలిచి ఉంది. పండుమిరపకాయలా భగ్గుమంటోంది. మిరియం కళ్లార్పకుండా చూసింది. పగడం చాటు నుంచి బుల్లి చేప ఒకటి తల బయటపెట్టింది. సరిగ్గా అప్పుడే పదో గుక్క అయింది. మిరియం వెనక్కి తిరిగింది.

నీతి: పెద్దలు గీసిన హద్దులో సందులు వెతకకూడదు, మన హద్దును మన శక్తితోనే కొలుచుకోవాలి.